ఆజ్ఞ లేని కొలువు

1952లో మార్టిన్ లిండావర్ అనే జర్మన్ శాస్త్రవేత్త ఒకే ఒక్క తేనెటీగ దినచర్యను ప్రచురించాడు. గాజు పలకల మధ్య అమర్చిన పట్టులో ఒక కూలి ఈగకు గుర్తు పెట్టి, 107 అని నంబరిచ్చి, సుమారు 177 గంటల పాటు అది చేసిన ప్రతి పనినీ రాసుకున్నాడు. అందులో దాదాపు 40 శాతం సమయం ఆ ఈగ ఏ పనీ చేయకుండా నిలబడే ఉంది. మరో 30 శాతానికి పైగా పట్టు మీద తిరుగుతూ, గదుల్లోకి తల పెట్టి చూస్తూ గడిపింది. గదులు శుభ్రం చేయడం, పిల్ల పురుగులకు మేత పెట్టడం, మైనంతో కొత్త గదులు కట్టడం లాంటి పనులన్నీ మిగిలిన కాస్త సమయంలోనే జరిగాయి.

పిల్లలకు కష్టపడే గుణం నేర్పాలంటే మనం చీమనో తేనెటీగనో చూపిస్తాం. ఆ జీవి జీవితంలో మూడింట రెండు వంతులు ఖాళీగానో తిరుగుతూనో గడిచిపోతోందంటే, మనం చూసే తీరులోనే ఏదో లోపం ఉందన్నమాట. వేల సంఖ్యలో, కొన్నిచోట్ల లక్షల సంఖ్యలో పురుగులు ఒక్క గూట్లో బతుకుతాయి. ఎవరు గుడ్లు పెట్టాలి, ఎవరు పిల్లల్ని సాకాలి, ఎవరు మేతకు పోవాలి, ఎవరు గుమ్మంలో కాపలా ఉండాలి అన్నది ఎలా తేలుతుంది? ఈ ప్రశ్నకు మనుషులు ఏ కాలంలో ఏ వ్యవస్థలో బతికితే దాని పోలికలోనే జవాబు చెప్పుకున్నారు. రాజ్యం ఉన్నప్పుడు రాజ్యం అన్నారు, ఫ్యాక్టరీ వచ్చాక ఫ్యాక్టరీ అన్నారు, ఇప్పుడు నెట్‌వర్క్ అంటున్నారు. గత నాలుగు దశాబ్దాల పరిశోధనను వరసపెట్టి చూస్తే నాకు స్థిరపడిన అభిప్రాయం ఒక్కటే. పని అనేది పురుగు ఒంటికి అతుక్కుని పుట్టిన గుణం కాదు, ఆ క్షణాన దాని చుట్టూ ఉన్న పరిస్థితి ఇచ్చే సమాధానం. పైకి వృథాగా కనిపించే ఆ ఖాళీ సమయమే ఆ సమాధానం మారడానికి వీలు కల్పిస్తోంది.

అరిస్టాటిల్ తేనెపట్టులోని పెద్ద ఈగను రాజు అనుకున్నాడు. 1609లో ఇంగ్లండులో చార్లెస్ బట్లర్ తేనెటీగల మీద రాసిన పుస్తకానికి స్త్రీ రాజ్యం అని అర్థం వచ్చే పేరు పెట్టాడు. అదే శతాబ్దంలో డచ్చి దేశస్థుడు యాన్ స్వామర్‌డామ్ ఆ 'రాజు'ను కోసి, సూక్ష్మదర్శిని కింద అండాశయాలు చూపించాడు. అలా రాజు రాణి అయింది కానీ పరిపాలన అన్న ఊహ మాత్రం పోలేదు. మన తేనెటీగల పెంపకందారులు కూడా రాణి ఈగ, కూలి ఈగలు, పోతు ఈగలు అనే అంటారు. నిజానికి రాణి ఈగ చేసే పని గుడ్లు పెట్టడం. మంచి కాలంలో రోజుకు వెయ్యిన్నర దాకా పెడుతుంది. దాని నోటి దగ్గరి గ్రంథుల నుంచి వచ్చే వాసన పరిచారికల ఒళ్ళకంటుకుని గూడంతా పాకుతుంది. ఆ వాసన ఉన్నంతకాలం కూలి ఈగల అండాశయాలు అణిగి ఉంటాయి, కొత్త రాణిని పెంచే ప్రయత్నం జరగదు. నువ్వు ఇవాళ పుప్పొడి తే, నువ్వు గుమ్మం కాయి అనే సమాచారం మాత్రం ఆ వాసనలో లేదు.

రాణి చెప్పకపోతే మరి ఎవరు చెబుతున్నారు? మొదట దొరికిన గట్టి జవాబు వయసు. 1920లలో మ్యూనిక్‌లో కార్ల్ ఫాన్ ఫ్రిష్ దగ్గర పనిచేసిన గుస్తావ్ రోష్ వయసు తెలిసిన ఈగలకు రంగులు పెట్టి గమనించాడు. పుట్టిన మొదటి రోజుల్లో గదులు శుభ్రం చేయడం, తర్వాత పిల్ల పురుగులకు మేత, ఆ తర్వాత మైనంతో కట్టడం, బయటి నుంచి వచ్చిన మకరందం అందుకుని నిల్వ చేయడం, గుమ్మంలో కాపలా, సుమారు మూడు వారాల వయసు నుంచి బయటి తిరుగుడు. అన్నిటికంటే ప్రమాదమైన పని అన్నిటికంటే చివర వస్తుంది. పక్షుల నోట, సాలెగూళ్ళలో, వానలో పోయేది ముసలి ఈగలే. చీమల్లోనూ చెదపురుగుల్లోనూ ఇదే వరస. మన మామిడి తోటల్లో ఆకులను దగ్గరికి లాగి, పిల్ల పురుగుల నోటి పట్టుదారంతో అతికించి గూళ్ళు కట్టే ఎర్ర చీమలు తమ ఏలుబడి పొలిమేరల్లో ప్రత్యేకంగా కొన్ని గూళ్ళు ఉంచుతాయి. వాటిలో మకాం ఉండేది వయసు మళ్ళిన చీమలు, పక్క గుంపు దాడి చేస్తే ముందుగా తలపడేవీ అవే. దక్షిణ అమెరికాలోని ఫ్రెంచ్ గయానాలో ఒక జాతి చెదపురుగుల ముసలి కూలీలు వీపు మీద నీలి స్ఫటికాలను పోగు చేసుకుంటాయి. శత్రువు చుట్టుముడితే ఒళ్ళు పగలగొట్టుకుని ఆ విషంతో దాన్ని చంపి తామూ చస్తాయి. వయసుతో పాటు పళ్ళ పదును తగ్గే కొద్దీ ఈ విషం మూట పెరుగుతుంది.

వయసు వరస ఇంత స్పష్టంగా ఉండటంతో, చాలామంది దాన్ని గడియారంలాంటి ఏర్పాటు అనుకున్నారు. రోష్ మాత్రం అక్కడ ఆగలేదు. 1930 నాటికే గూటిని రెండుగా విడదీసి ఒకవైపు లేత ఈగలు, మరోవైపు ముదురు ఈగలు మాత్రమే మిగిలేలా చేశాడు. లేత ఈగల్లో కొన్ని వారాల ముందే మేతకు బయలుదేరాయి. ముదురు ఈగల్లో కొన్ని, ఎండిపోయిన మేత గ్రంథులను మళ్ళీ తడి చేసుకుని పిల్లల్ని సాకాయి. ఈ ప్రయోగం విలువను గుర్తించడానికి శాస్త్రానికి చాలా ఏళ్ళు పట్టింది. అమెరికాలో ఇల్లినాయ్ విశ్వవిద్యాలయంలోని జీన్ రాబిన్సన్ బృందం 1980ల చివరి నుంచి దీని లోపలి యంత్రాంగాన్ని విప్పుతూ వచ్చింది. మేతకు పోయే ఈగల రక్తంలో జువెనైల్ హార్మోన్ ఎక్కువ, సాకే ఈగల్లో తక్కువ. అన్నీ ఒకే వయసు లేత ఈగలతో గూడు పెడితే కొన్నిటిలో ఈ హార్మోన్ వారం పదిరోజుల వయసుకే పెరిగిపోతుంది. అదే గూట్లోకి ముదురు ఈగలను చేరిస్తే ఆ పెరుగుదల ఆగుతుంది.

ముదురు ఈగల ఉనికి లేత ఈగకు తెలిసేదెలా? 2004లో ఫ్రాన్సు, అమెరికా శాస్త్రవేత్తలు కలిసి ఆ పదార్థాన్ని పట్టుకున్నారు. మేతకు పోయి వచ్చిన ఈగ నోట్లో ఇథైల్ ఓలియేట్ అనే రసాయనం ఉంటుంది. మకరందం నోటి నుంచి నోటికి అందేటప్పుడు అది లేత ఈగకు చేరి దాని ఎదుగుదలను నెమ్మది చేస్తుంది. బయట తిరిగే ఈగలు చాలినన్ని ఉంటే లోపలి ఈగలు లోపలే ఉంటాయి. వానలో చిక్కుకుని చచ్చో పక్షుల పాలై పోయో బయటి ఈగలు తగ్గితే ఆ రసాయనమూ తగ్గి, లోపలివి త్వరగా ముదిరి బయలుదేరతాయి. ఇందులో ఎవరూ ఎవరినీ లెక్కపెట్టడం లేదు, అయినా లెక్క తప్పడం లేదు. 2012లో మరో బృందం ఇంకా లోతుకు వెళ్ళింది. సాకే ఈగల మెదడులోని డీఎన్‌ఏ మీద రసాయన గుర్తులకూ మేత ఈగల మెదడులోని గుర్తులకూ తేడా ఉంది. మేత ఈగలను తిరిగి సాకే పనికి మళ్ళిస్తే ఆ గుర్తుల్లో చాలావరకు పాత స్థితికి వచ్చాయి. పని మారితే మెదడులో జన్యువుల మీది గుర్తులు కూడా మారుతున్నాయంటే, వృత్తి ఒంటిని దిద్దుతోందని అర్థం.

వయసు తర్వాతి జవాబు ఒడ్డూ పొడుగూ. చాలా చీమ జాతుల్లో ఒకే తల్లి బిడ్డల్లో చిన్నవీ పెద్దవీ ఉంటాయి, ఆకులు కోసే చీమల్లోనైతే అతి చిన్నదానికీ అతి పెద్దదానికీ బరువులో వందల రెట్లు తేడా. చీమల శాస్త్రవేత్త ఎడ్వర్డ్ ఓ. విల్సన్ ఈ రూపభేదాలను ఫ్యాక్టరీలో వేర్వేరు పనిముట్ల లాగా చదివాడు. కానీ దీన్ని సవాలు చేసే ప్రయోగాన్ని 1984లో ప్రచురించింది కూడా ఆయనే. ఫైడోలె అనే చీమల్లో పెద్ద తలలవి మామూలుగా గూటి పనులు పట్టించుకోవు. గూట్లోంచి చిన్న చీమలను తీసేస్తూ పోతే, ఒక హద్దు దాటగానే పెద్ద తలలవి గంట వ్యవధిలోనే పిల్లల్ని సాకడం మొదలుపెట్టాయి. అంత నైపుణ్యం లేకపోయినా పని సాగించాయి. విల్సన్ గొప్పతనం నాకు ఇక్కడే కనిపిస్తుంది. తన సిద్ధాంతానికి అడ్డొచ్చే సాక్ష్యాన్ని తనే వెతికి పట్టుకున్నాడు. అయితే అన్ని జాతులకూ ఈ వెసులుబాటు లేదు. కొన్ని చెదపురుగుల సైనికుల దవడలు ఆయుధంగా ఎంత పెరిగాయంటే అవి సొంతంగా తినలేవు, కూలి పురుగులు నోటికందిస్తేనే బతుకుతాయి. అలాంటివి ఏ కొరత వచ్చినా సాకే పనికి దిగలేవు.

వయసూ పరిమాణమూ కలిపినా జవాబు ఇంకా సగమే. అరిజోనా ఎడారిలో గింజలు ఏరుకునే పొగోనోమిర్మెక్స్ చీమల మీద స్టాన్‌ఫర్డ్ శాస్త్రవేత్త డెబొరా గోర్డన్ 1980ల నుంచి చేస్తున్న పని ఈ రంగాన్నే మలుపు తిప్పింది. ఒక చీమల గూడు ఇరవై ఏళ్ళకు పైగా బతుకుతుంది, అందులోని కూలి చీమ ఏడాది బతికితే గొప్ప. పొద్దున్నే ముందుగా కొన్ని గస్తీ చీమలు బయటికొస్తాయి. అవి క్షేమంగా తిరిగొస్తేనే మేత చీమలు కదులుతాయి. 2003లో గోర్డన్, మైకేల్ గ్రీన్ చిన్న గాజు పూసలకు గస్తీ చీమల ఒంటి మైనపు వాసన పూసి గుమ్మంలో జారవిడిచారు. మేత చీమలు ఆ పూసలను కలుసుకునే బయలుదేరాయి! అంటే గస్తీ చీమ వచ్చి చెప్పవలసిన మాటంటూ ఏమీ లేదు. ఆ వాసన ఎంత తరచుగా తగులుతోందన్నదే కబురు. తర్వాత రోజంతా ఎన్ని చీమలు గింజలతో తిరిగొస్తున్నాయన్న వేగమే ఎన్ని బయటికి పోవాలో నిర్ణయిస్తుంది. 2012లో గోర్డన్ స్టాన్‌ఫర్డ్ కంప్యూటర్ శాస్త్రవేత్త బాలాజీ ప్రభాకర్‌తో కలిసి ఈ పద్ధతికీ ఇంటర్నెట్‌లో డేటా ప్యాకెట్ల వేగాన్ని నియంత్రించే పద్ధతికీ ఉన్న పోలికను లెక్కగట్టి చూపించింది.

గోర్డన్ మొదటి రోజుల ప్రయోగం మరొకటి చెప్పుకోవాలి. గూటి ద్వారం దగ్గర పళ్ళు కుట్టుకునే పుల్లలు పోసి, మరమ్మతు చీమలకు పని పెంచింది. మరమ్మతుకు కొత్త చీమలు చేరాయి, అదే సమయంలో మేతకు పోయేవి తగ్గాయి. మేత పెరగాల్సి వచ్చినప్పుడు మిగతా పనుల చీమలు అటు మళ్ళుతాయి, కానీ ఒకసారి మేతకు మళ్ళినది వెనక్కి రాదు. మరమ్మతుకు కావలసినవి లోపలి లేత చీమల్లోంచి రావాలి. కాబట్టి పనులు మారుతాయి కానీ ఆ మార్పుకు దిశ ఉంది. ఈ సున్నితమైన తేడా లేకుండా చీమలన్నీ అన్ని పనులూ చేస్తాయని చెప్పడం తప్పవుతుంది. ఇలాంటి నియంత్రణ వల్ల నిజంగా లాభం ఉందా అన్న ప్రశ్నకు గోర్డన్ 2013లో సమాధానం ఇచ్చింది. ఎండలు మండే రోజుల్లో మేతను తగ్గించుకుని నీటిని కాపాడుకునే గూళ్ళకే ఎక్కువ పిల్ల గూళ్ళు పుట్టాయి, ఆ నిగ్రహం పిల్ల గూళ్ళలోనూ కనిపించింది.

ఈ ప్రయోగాల వెనక ఒక సాధారణ సూత్రం పనిచేస్తోందని గణితకారులు 1990లలో చూపించారు. ఫ్రాన్సు, బెల్జియం శాస్త్రవేత్తలు గై తెరోలా, ఎరిక్ బొనాబో, జాన్-లూయీ డెనూబూర్ల లెక్క ప్రకారం ప్రతి పురుగుకూ ప్రతి పనికీ ఒక సహన హద్దు ఉంటుంది. పిల్లల ఆకలి వాసన ఆ హద్దు దాటితే సాకుతుంది, గూటి వేడి ఆ హద్దు దాటితే రెక్కలు విసురుతుంది. హద్దు తక్కువగా ఉన్నది ముందు లేస్తుంది, దాంతో ఆ ప్రేరణ తగ్గిపోయి ఎక్కువ హద్దు ఉన్నవి లేవవలసిన అవసరమే రాదు. ఇంట్లో పొయ్యి మీద పాలు పొంగుతున్న వాసనకు ఎప్పుడూ ఒకరే పరుగెత్తుకు రావడం చూసి, ఆ ఇంట్లో మిగతావాళ్ళకు ముక్కు లేదని అనుకోకూడదు కదా! ఆ ఒక్కరూ ఊరెళ్ళిన రోజున మరొకరు పరుగెత్తుతారు.

తేనెటీగల్లో ఈ హద్దుల తేడాకు తండ్రులు కూడా కారణం. రాణి ఈగ పది ఇరవై పోతు ఈగలతో కలుస్తుంది కాబట్టి ఒకే గూట్లో ఎన్నో తండ్రుల బిడ్డలుంటారు. 1988లో రాబిన్సన్, రాబర్ట్ పేజ్ చూపించినదాని ప్రకారం కాపలా కాసేవి కొందరు తండ్రుల బిడ్డల్లోంచి ఎక్కువగా, చచ్చిన ఈగలను బయట పారేసేవి మరికొందరి బిడ్డల్లోంచి ఎక్కువగా వస్తాయి. దీని వల్ల కలిగే మేలును 2004లో ఆస్ట్రేలియా బృందం థర్మామీటరుతో కొలిచింది. పిల్ల పురుగులకు 34, 35 డిగ్రీల మధ్య వేడి నిలకడగా ఉండాలి. ఒకే తండ్రి బిడ్డలున్న గూళ్ళలో అందరూ ఒకేసారి రెక్కలు విసరడం, ఒకేసారి ఆపడం వల్ల ఉష్ణోగ్రత ఊగిసలాడింది. ఎందరో తండ్రుల బిడ్డలున్న గూళ్ళలో ఒకరి తర్వాత ఒకరు కదలడం వల్ల నిలకడగా ఉంది. మన ఊళ్ళలో నీళ్ళ ట్యాంకులకూ అపార్టుమెంట్ల అంచులకూ వేలాడే పెద్ద తేనెటీగలు ఒక్క పట్టు మీదే ఆరుబయట ఇదే వేడిని కాపాడుతున్నాయి.

అయితే తేడాలు ముందే ఉండాలా? 2018లో యూకో ఉల్రిచ్, డేనియల్ క్రోనవర్ బృందం న్యూయార్క్‌లో ఒక అందమైన ప్రయోగం చేసింది. వాళ్ళు ఎంచుకున్న ఊసెరియా చీమల్లో రాణులే లేవు, ప్రతి చీమా తన నకళ్ళను కంటుంది. కాబట్టి జన్యువులొకటే, వయసొకటే, పరిమాణమూ ఇంచుమించు ఒకటే. ఒంటరి చీమ నుంచి పదహారు చీమల దాకా గుంపులు కట్టి కెమెరాలు పెట్టారు. గుంపు పెరిగే కొద్దీ కొన్ని బయటికి ఎక్కువగా పోతూ, కొన్ని లోపలే ఉంటూ పని పంపకం తనంతట తనే ఏర్పడింది, పిల్లలు కూడా మెరుగ్గా బతికాయి. ముందుగా ఏ తేడా లేని చోట కూడా పంపకం మొలకెత్తిందంటే, సంఖ్య ఒక్కటే దానికి చాలు.

పని పంచుకోవడం వల్ల ఒక్కొక్కరి నేర్పు పెరుగుతుందని ఆడమ్ స్మిత్ నుంచి వచ్చిన నమ్మకం. అరిజోనా విశ్వవిద్యాలయంలోని అన్నా డోర్న్‌హౌస్ 2008లో దీన్ని చిన్న టెమ్నోథొరాక్స్ చీమల మీద పరీక్షించింది. ప్రతి చీమకూ రంగు చుక్కలు పెట్టి, తేనె మేత, మాంసపు మేత, గూటికి ఇసుక రేణువులు తేవడం, పిల్లల్ని మోయడం అనే నాలుగు పనుల్లో ఎవరెంత చురుకో కొలిచింది. ఒకే పనిలో స్థిరపడిన చీమలు ఆ పనిలో మిగతావాటి కంటే నేర్పరులు కాలేదు. ఆమె విద్యార్థి డేనియల్ షార్బనోతో కలిసి చేసిన మరో పని ఇంకా ఆసక్తికరం. ఈ గూళ్ళలో దాదాపు 40 శాతం చీమలు ఏ సమయాన చూసినా ఊరికే కూర్చుని ఉంటాయి. అన్నిటికంటే చురుకైన 20 శాతాన్ని తీసేస్తే, వారంలోగా ఖాళీగా ఉన్నవి లేచి ఆ స్థానం నింపాయి. ఖాళీగా ఉన్న 20 శాతాన్ని తీసేస్తే వాటి స్థానం ఎవరూ నింపలేదు. అంటే అవి దండుగమారివి కావు, అవసరానికి నిలవ ఉంచిన చేతులు. జపాన్ శాస్త్రవేత్త ఎయిసుకే హసెగావా 2016లో మిర్మికా చీమల్లో చురుకైనవి అలిసిపోయినప్పుడు ఖాళీగా ఉన్నవి పనిలోకి దిగడం చూశాడు, అందరూ ఒకే చురుకుతో ఉండే గూడు అందరూ ఒకేసారి అలిసి త్వరగా కూలిపోతుందని కంప్యూటర్ నమూనాలో చూపించాడు. లిండావర్ రాసుకున్న ఆ ఖాళీ గంటల అర్థం అరవై ఏళ్ళ తర్వాత ఇలా తేలింది.

ఇదంతా ఎక్కువగా యూరప్, అమెరికా జీవుల కథ. ఈ ప్రశ్నకు నా దృష్టిలో అన్నిటికంటే లోతైన సమాధానం మన దగ్గరి కందిరీగ నుంచి వచ్చింది. దక్షిణ భారతంలో కిటికీ రెక్కల మీద, గోడ మూలల్లో, దూలాల కింద బూడిద రంగు కాగితంలాంటి చిన్న గూడు కట్టే కందిరీగ పేరు రొపాలిడియా మార్జినేటా. బెంగళూరులోని ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సైన్స్‌లో రాఘవేంద్ర గదగ్‌కర్ దశాబ్దాల పాటు దీన్నే నమ్ముకుని పనిచేశారు. తేనెటీగల్లో లాగా కాక, ఇక్కడ రాణికీ కూలికీ రూపంలో తేడా లేదు. ఏ ఆడ కందిరీగకైనా రాణి అయ్యే సత్తా ఉంది. 1983లో గదగ్‌కర్, ఎన్.వి. జోషి ఒక్కొక్క కందిరీగకూ రంగు చుక్కలు పెట్టి ఏది ఏ పనిలో ఎంత సేపు గడుపుతోందో లెక్కించి, అంకెలను గుంపులుగా విడదీశారు. మూడు రకాలు తేలాయి: కూర్చునేవి, కొట్లాడేవి, మేతకు పోయేవి. రాణి కొట్లాడేవాటిలో ఉంటుందని అందరూ అనుకుంటారు. రొపాలిడియా మార్జినేటాలో రాణి కూర్చునేవాటిలో ఉంది. దాని దగ్గరి చుట్టమైన రొపాలిడియా సయాతిఫార్మిస్‌లో మాత్రం రాణి కొట్లాడేదే.

ఇంత మెతక రాణి గూటిని ఎలా నిలబెడుతోంది? పొట్ట చివరను గూటి మీద రుద్దుతూ డ్యూఫోర్ గ్రంథి వాసనను గూడంతా పూస్తుంది. ఆ వాసన రాణి ఉందని చెబుతుంది, అంతే. మేతకు ఎవరు పోవాలన్నది రాణి చేతిలో లేదు. గూట్లో ఉండే కందిరీగలు మేతకు పోయేవాటిని అదిలించి బెదిరిస్తాయి, గూట్లో ఆకలి పెరిగితే ఆ బెదిరింపులు పెరుగుతాయి. కాబట్టి మిగతా జాతుల్లో గుడ్లు పెట్టే హక్కు కోసం జరిగే కొట్లాట ఇక్కడ ఆకలి కబురుగా మారిపోయింది. రాణిని తీసేస్తే నిమిషాల్లో ఒక కందిరీగ మాత్రం ఉగ్రంగా మారుతుంది. మిగతావి ఎదురు తిరగవు. వారం గడిచేసరికి అది గుడ్లు పెడుతుంది, దాని ఉగ్రత కూడా తగ్గిపోయి కొత్త మెతక రాణి అవుతుంది. దాన్నీ తీసేస్తే మరొకటి, దాన్నీ తీసేస్తే ఇంకొకటి. గదగ్‌కర్ బృందం 2012లో ఇలా ఒకదాని తర్వాత ఒకటి తీసి చూపించింది. రాణి ఉన్నంతకాలం ఆ వారసురాలు ఎవరో మనకు ఏ గుర్తూ దొరకదు. వయసు కొంత చెబుతుంది కానీ పూర్తిగా కాదు. కందిరీగలకు మాత్రం తెలుసు. గూటిని రెండు ముక్కలు చేసి మధ్య వలకంచె పెట్టి, రాణిని అటూ ఇటూ మార్చే ప్రయోగాల్లో కూడా అసలు వారసురాలిని ఎవరూ ఎదిరించలేదు. ఇన్నేళ్ళ శ్రమ తర్వాత కూడా ఆ వరస వాటికి ఎలా తెలుస్తోందన్నది ఈ రంగంలో మిగిలిన గొప్ప ప్రశ్నల్లో ఒకటి.

కందిరీగ నుంచి తేనెటీగ దాకా వచ్చేసరికి రాణి-కూలి తేడా ఒంట్లోకి దిగిపోయింది. అయినా ఆ తేడా జన్యువుల్లో పుట్టినది కాదు. పిల్ల పురుగుకు మొదటి రోజుల తర్వాత కూడా రాయల్ జెల్లీ అందితే రాణి, లేకపోతే కూలి. 2008లో ఆస్ట్రేలియాలో రిషార్డ్ మలెష్కా బృందం లేత పురుగుల్లో డీఎన్‌ఏ మీద గుర్తులు వేసే ఎంజైమును అణిచేసింది, వాటిలో ఎక్కువ భాగం రాణి లక్షణాలతో బయటికొచ్చాయి. మన పశ్చిమ కనుమల్లో దొరికే, ఎగిరి దూకే హార్పెగ్నాథస్ చీమ ఈ గీతను మరింత చెరిపేస్తుంది. రాణి పోతే కూలి చీమలు మీసాలతో రోజుల తరబడి పోటీపడి, గెలిచినవి గుడ్లు పెట్టడం మొదలుపెడతాయి. వాటి ఆయుష్షు సుమారు ఏడు నెలల నుంచి నాలుగేళ్ళకు పెరుగుతుంది, మెదడు పరిమాణం ఐదో వంతుకు పైగా తగ్గుతుంది. 2021లో తేలినదేమిటంటే, వాటిని గెలుపు స్థానం నుంచి తప్పిస్తే మెదడు మళ్ళీ పెరిగి అవి మేతకు పోయే మామూలు కూలీలవుతాయి. ఎదిగిన కీటకంలో మెదడు కుంచించుకుని తిరిగి పెరగడం ఇంతకు ముందు ఎవరూ చూపించనిది.

చెదపురుగుల కథ వేరే దారిన వచ్చి ఇదే చోటికి చేరింది. వీటి బంధువులు బొద్దింకలు, చీమలు కావు. గూట్లో రాణితో పాటు రాజు కూడా జీవితాంతం ఉంటాడు, కూలీలలో ఆడా మగా రెండూ ఉంటాయి. నాగుల చవితికి మనం పాలు పోసే పుట్ట కట్టినవి ఇవే, తొలకరిలో దీపాల చుట్టూ మూగే ఉసిళ్ళు వీటి రెక్కల సంతానమే, పుట్ట మీద మొలిచే పుట్టగొడుగు వీటి పంట నుంచి పైకొచ్చిన భాగమే. మన నేలలో ఎక్కువగా కనిపించే ఓడంటోటెర్మిస్ జాతి లోపల బూజు తోట పెంచుతుంది. 2015లో ఎల్. మహదేవన్ బృందం బెంగళూరు ప్రాంతపు పుట్టల్లో గాలి ఎలా ఆడుతోందో కొలిచింది. పగటి ఎండకు పైపొర వేడెక్కి, రాత్రి చల్లబడి, గాలి దిశ తిరగబడుతూ పుట్ట ఊపిరి పీలుస్తుంది. ఈ నిర్మాణానికి మేస్త్రీ లేడు. ఫ్రెంచ్ శాస్త్రవేత్త పియేర్-పాల్ గ్రాసే 1959లోనే చెప్పినట్టు, ఒక పురుగు పెట్టిన మట్టి ముద్ద తర్వాతి పురుగుకు ఎక్కడ పెట్టాలో చెబుతుంది. పని చేసిన గుర్తే తర్వాతి పనికి పిలుపు. ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సైన్స్‌లో రెనీ బోర్జెస్ బృందం చూపించినట్టు, తోటలో పంట బూజు మధ్య కలుపు బూజు మొలిస్తే చెదపురుగులు వాసనతో పసిగట్టి దాని మీద మట్టి ముద్దలు కప్పేస్తాయి.

ఇంతటి సహకారం అసలు ఎలా పుట్టిందన్న వాదం వేరే. 1859లో డార్విన్ పిల్లలు కనని కూలి చీమలను తన సిద్ధాంతానికి ప్రత్యేకమైన చిక్కు అన్నాడు. 1964లో విలియం హామిల్టన్ రక్తబంధం లెక్కతో, అంటే దగ్గరి చుట్టాలను సాకినా తన జన్యువులే తర్వాతి తరానికి చేరతాయన్న లెక్కతో, ఆ చిక్కు విప్పాడు. 2008లో 267 జాతులను పోల్చి చూస్తే, సమూహ జీవనం పుట్టిన ప్రతి వంశంలోనూ ఆదిలో రాణి ఒకే మగతో కలిసేదని తేలింది. 2010లో విల్సన్, ఇద్దరు గణితకారులతో కలిసి ఆ లెక్కనే తిరస్కరించాడు. మరుసటి ఏడు 137 మంది శాస్త్రవేత్తలు సంతకాలతో ఖండించారు. నేను హామిల్టన్ వైపే. అయితే ఈ వాదం ఏ పక్షాన తేలినా, ఇవాళ పొద్దున ఏ చీమ మేతకు పోవాలన్న ప్రశ్నకు జవాబు దాని నుంచి రాదు. చాలామంది వ్యాఖ్యాతలు ఈ రెంటినీ కలిపేయడం వల్లే ఈ రంగం మీద సామాన్య పాఠకులకు గందరగోళం మిగిలింది.

పనులు మారే గుణం గూటికి బలం. కానీ ఆ బలానికి హద్దుంది, దాన్ని ఇప్పుడు తేనెటీగల పెంపకందారులు అనుభవిస్తున్నారు. పురుగుమందులు, పరాన్నజీవులు, మేత కొరత బయటి ఈగలను వేగంగా చంపుతున్నాయి. 2015లో క్లింట్ పెర్రీ, ఆండ్రూ బారన్ బృందం ఆస్ట్రేలియాలో ఈగల వీపులకు చిన్న రేడియో ట్యాగులు అంటించి వాటి రాకపోకలను కొలిచింది. ముదురు ఈగలు లేని గూట్లో లేత ఈగలు పైన చెప్పిన హార్మోన్ దారినే ముందుగా ముదిరి బయలుదేరాయి. కానీ అవి తక్కువ సార్లు పోయి వచ్చి త్వరగా చచ్చిపోయాయి. దీని ఆధారంగా ఆ బృందం కట్టిన లెక్కల నమూనాలో ఆ ఖాళీ నింపడానికి మరింత లేతవి వెళ్ళాయి, లోపల సాకేవి తగ్గాయి, కొత్త తరం తగ్గింది. ఒక మెట్టు దాటాక ఆ నమూనాలోని గూడు వేగంగా ఖాళీ అయింది. రాణి, పిల్ల పురుగులు, తేనె ఉండిపోయి పెద్ద ఈగలు మాయమయ్యే ఈ పతనం అమెరికాలో 2006 నుంచి కనిపించినదే. పట్టులో తేనె ఎంత, పిల్ల పురుగులు ఎన్ని అని చూసే పాత పరీక్ష ఈ దశను ముందుగా పట్టుకోలేదు. ఈగ తొలిసారి మేతకు బయలుదేరే సగటు వయసును కొలిస్తే గూటి పరిస్థితి ముందే తెలుస్తుందని ఆ బృందం సూచించింది.